కాల్చే చెయ్యి కొలత

సిరోంచ,
అక్టోబరు 26, ఆదివారం

నాగపూర్‌లో చల్లగా ఉన్న బావ గోపాల్‌రావు గారికి, సిరోంచ బజారులో దర్జీ, మీ బామ్మర్ది బాలన్న రెండు చేతులూ జోడించి రాసేది.

బావా, ఈ ఉత్తరం చింపకండి. ముందు చదవండి, ఆ తర్వాత చింపండి. నా ఫోను నంబరును మీరు బ్లాక్ చేశారు కాబట్టి కాగితం మీదికి వచ్చాను. పోయిన ఏడు మా సంతలో "మంచి ఎద్దు అమ్మబడును" అని పోస్టరు వేసి, కింద మీ నంబరు పెట్టింది నేనే. నాలుగు నెలలు మీకు ఫోన్లు వచ్చాయట. పెద్దసార్లతో మీటింగులో ఉంటే కూడా "ఎద్దుకు ఎన్ని పండ్లున్నయి" అని అడిగారట. తప్పే. కానీ ఈ తాప మజాక్ కాదు.

మా మధులత సంగతి. పదిహేడేళ్లు వచ్చాయి. అహేరిలో హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి చదువుతోంది. అక్కడి ఆటల టీచరు సుశీలాబాయి పాత ధాన్యం గోదాములో పది మీటర్ల రేంజి నడుపుతోంది. గాలితో పేలే పిస్తోలు, మిరియం గింజంత గుండు. పిల్ల రెండేళ్లుగా అక్కడ కాలుస్తోంది. డిసెంబరు 21న నాగపూర్‌లో ఎంపిక పోటీ ఉంది. అందులో నెగ్గితే ఏడాదంతా పెద్ద శిబిరంలో నేర్పుతారు. వయసు దాటిపోతుంది కాబట్టి మళ్లీ ఏడు అవకాశం లేదు.

చిక్కేమిటంటే అక్కడున్న ఒక్క పిస్తోలు ఎవరో భారీ మనిషికి చేసింది. పిడి పట్టుకుంటే వేలు ట్రిగ్గర్‌కు అందదు. అందించడానికి చెయ్యి మెలిపెడితే గుండ్లన్నీ ఒకే పక్కకు పోయి గుంపు కడుతున్నాయి. మొన్న ఇంటికి వచ్చి, "గిట్లయితే నాతోని కాదు నాయినా, ఇగ నీ మిషను కాడ్నే కూసుంట" అంది. నా పక్కన కూర్చుంటానంటే నేను సంతోషపడాలి. కానీ ఆ మాట అన్నప్పటి ముఖం చూశాను బావా. పైగా ఆమె కూర్చుంటే దుకాణం మునుగుతుంది. నా కత్తెరకూ ఆమె చేతికీ చిన్నప్పటి నుంచీ పడదు. ఆమె పడితే అది గుడ్డ నములుతుంది తప్ప కోయదు.

మీరు షూటింగ్ క్లబ్బులో స్టోరుకీపరు. పోటీకి వచ్చే పిల్లలకు మీ క్లబ్బు పిస్తోలు వాడుకోవడానికి ఇస్తుందని సుశీలాబాయి చెప్పింది. మా పిల్ల చేతికి సరిపోయేది చూసి పక్కన పెట్టండి. మీ కాళ్లు మొక్కుతాను. దూరం నుంచి మొక్కుతాను, భయపడకండి.

ఇట్లు,
మీ దయ కోసం ఎదురుచూసే
బాలన్న

తా.క.: ఎద్దు అమ్ముడుపోయిందా అని సంతలో ఇంకా అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

---

నాగపూర్,
అక్టోబరు 31

బామ్మర్ది బాలన్నకు గోపాల్‌రావు రాసేది. ఆశీర్వాదాలు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. నీ నడవడి చూసి పంపుతాను.

నువ్వు ఎద్దు ఒక్కదాన్నే ఒప్పుకున్నావు. మా పెద్దోడి పెళ్లికి నాకు కుట్టిన సఫారీ సంగతి రాయలేదు. నాలుగు జేబుల మూతులూ లోపలి నుంచి కుట్టేశావు. మంగళసూత్రం జాగ్రత్తగా ఉంచమని నా చేతికిస్తే, మూడు వందల మంది ముందు నా జేబులతో నేనే కుస్తీ పట్టాను. వియ్యంకుడు ఇప్పటికీ నన్ను చూస్తే తన జేబు తడుముకుంటాడు.

అయినా మధులత నాకు మేనకోడలు. ఆ పిల్ల ముఖం చూసి రాస్తున్నాను. శ్రద్ధగా చదువు.

రేంజి పిస్తోలు ఎంచుకోవడంలో చూడాల్సినవి రెండు. మొదటిది పిడి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న గుంత పిడి వెనక వంపులో పైదాకా వెళ్లి కూర్చోవాలి. మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. కళ్లు మూసుకొని పిస్తోలు ఎత్తి, కళ్లు తెరిస్తే గురి చూసే ముందు ముక్క, వెనక గాడి వాటంతట అవే కలిసి ఉండాలి. కలపడానికి మణికట్టు తిప్పాల్సి వస్తే ఆ పిడి ఆ చేతిది కాదు. రెండోది ట్రిగ్గర్ దూరం. చూపుడు వేలి చివరి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద అడ్డంగా ఆనాలి. మిగతా వేలు చెక్కకు తగలకూడదు. దూరం ఎక్కువైతే వేలి కొస మాత్రమే తగిలి గుండును ఒక పక్కకు తోస్తుంది. తక్కువైతే వేలు లోపలిదాకా పోయి ఇంకో పక్కకు లాగుతుంది.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి నల్ల పిడిది, సన్నం, ట్రిగ్గర్ దూరం తక్కువ. ఇంకొకటి అక్రోటు చెక్క పిడిది, లావు, ట్రిగ్గర్ దూరం ఎక్కువ. ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కూ జరపవచ్చు గానీ అది గోరంత జరుగుతుంది, నీ టేపులాగా సాగదు.

కాబట్టి పిల్ల కాల్చే చెయ్యిని తెల్లకాగితం మీద బోర్లా పెట్టి, చుట్టూ గీత గీసి, కొలతలు రాసి పంపు. నాకు కావాల్సింది కాల్చే చెయ్యి. కాగితం మీద ఎద్దు బొమ్మ వస్తే ఇదే నా ఆఖరి ఉత్తరం.

ఇట్లు,
గోపాల్‌రావు

తా.క.: మీ అక్క సత్తవ్వ పక్కన కూర్చొని, "వాడు కొలిస్తె ఏది సరిగ్గ ఉంటది? నా జాకెట్లు చూస్తలేవా" అంటోంది.

---

సిరోంచ,
నవంబరు 3

దయగల బావగారికి బాలన్న వంగి రాసేది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి పిస్తోలు కాల్చడం కన్నా కోటు కుట్టడం తేలికని తెలిసింది. నిన్న ఆదివారం పిల్ల ఇంటికి వస్తే, బట్టలు కోసే బల్ల మీద కాగితం పరిచి, చెయ్యి పెట్టించి, సుద్దతో కాకుండా పెన్సిలుతో గీశాను. మధ్యలో పిల్ల, "నాయినా, గిది గాదు..." అని ఏదో అనబోయింది. "చెయ్యి కదిలియ్యకు, గీత ఖరాబైతది" అని గదమాయించాను.

కొలతలు: చెయ్యి పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు. అరచేతి వెడల్పు నాలుగు ముప్పావు. వేళ్ల సందు నుంచి చూపుడు వేలి మెత్తదాకా నాలుగున్నర. ముప్పై ఏళ్లుగా సిరోంచను కొలుస్తున్నాను బావా. నా కొలతను తహసీల్ ఆఫీసు సాహెబు కూడా తొడుక్కున్నాడు.

ఇట్లు,
ఈసారి నిజంగానే నిజాయితీపరుడైన
బాలన్న

తా.క.: అక్క జాకెట్లు బిగుతైతే దానికి నా టేపు ఏం చేస్తుంది? ఆ టేపు అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఈ వాక్యం అక్కకు చదివి వినిపించకండి.

---

నాగపూర్,
నవంబరు 8

బాలన్నకు గోపాల్‌రావు రాసేది. ఆశీర్వాదాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఎవరి చెయ్యి ఇది? మా క్లబ్బుకు ఆరడుగుల మూడంగుళాల రిటైర్డు సుబేదారు వస్తారు. ఆయన చేతిని నీ కాగితం మీద పెట్టించి చూశాను. ఆయనకే వదులు. "యే కిస్ పహిల్వాన్ కా హాథ్ హై", ఇది ఏ పహిల్వాను చెయ్యి అని అడిగారు. పదిహేడేళ్ల మా మేనకోడలిదని చెప్పాను. అప్పటి నుంచి ఆయన నన్ను జాలిగా చూస్తున్నారు.

ఈ కొలతకు అక్రోటు పిడి కూడా చాలదు. పిడికి బదులు రోకలి వెతకాలి. ఇది నీ ఎద్దుకు తమ్ముడని నాకు తెలుసు బాలన్నా. నీ పిల్ల బతుకు మీద కూడా నీకు నవ్వులాటేనా?

ఒకే ఒక్క అవకాశం ఇస్తున్నాను. అసలు కొలత పంపు. దాంతో పాటు ఇంకొకటి. రెండేళ్లు కాల్చిన చేతికి ఎక్కడో ఒకచోట కాయ కాసి ఉండాలి. ఆ కాయ ఎక్కడుందో బొమ్మ మీద చుక్క పెట్టి పంపు. దాన్నిబట్టి పిడి ఎక్కడ ఒరుస్తోందో నాకు తెలుస్తుంది.

ఇట్లు,
గోపాల్‌రావు

తా.క.: నీ పోయిన తా.క. నేను చదవలేదు, మీ అక్కే కవరు విప్పి చదువుకుంది. ఆ తర్వాత నీ చెయ్యి బొమ్మను చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. మీ అక్క ఏమీ అనకపోవడం ముప్పై నాలుగేళ్లలో ఇది రెండోసారి.

---

సిరోంచ,
నవంబరు 16

బావగారికి బాలన్న తల దించుకొని రాసేది.

ఒట్టు బావా, మజాక్ కాదు. అది మధులత చెయ్యే. కాకపోతే పెరిగే పిల్ల కదా. స్కూలు డ్రెస్సు కుట్టినప్పుడు ఎవరైనా ఉన్నంతకు ఉన్నట్టు కుడతారా? అంగుళమున్నర వదులుతాం, మళ్లీ ఏడు కూడా రావాలి కదా. దాని మీద పావు అంగుళం, ఉతికితే కుదించుకుపోతుందని. చెయ్యి అయ్యేసరికి నా పెన్సిలు దానంతట అదే పక్కకు జరిగింది. చేతిని ఉతకరని నాకు తట్టలేదు.

మా ఇంటిది, మీ చెల్లెలు, ఈ మాట విని చట్నీ రుబ్బడం ఆపి, "పిస్తోలుకు గూడ లోపల గుడ్డ ఇడిసినవా" అని అడిగింది. ఆ మాట ఇప్పుడు బజారంతా తిరుగుతోంది. ఇవాళ పొద్దున టీకొట్టు బాబురావు, "బాలన్నా, గుండుకు గూడ జర లూజు పెట్టు, మళ్ల ఏడు పనికొస్తది" అన్నాడు. ఊరందరి మీద జోకులు వేసి బతికినవాణ్ని. నా మీద వేస్తే ఇలా ఉంటుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అసలు కొలతలు: పొడవు ఆరు ముప్పావు. వెడల్పు మూడు. సందు నుంచి వేలి మెత్తదాకా రెండు ముప్పావు. దారమంత కూడా ఎక్కువ లేదు. కాయ ఉన్నచోట చుక్క పెట్టాను.

ఆదివారం ఆదివారం పిల్ల వస్తుంది, అన్నం తింటుంది, పోతుంది. "ఈ వారం ఎన్నొచ్చినయి బిడ్డా" అంటే, "మామ పిస్తోలు ఇయ్యనీ నాయినా, అప్పుడు చెప్త" అని నేల చూస్తుంది. ముప్పై అయిదు రోజులే ఉన్నాయి బావా.

ఇట్లు,
పరేషాన్‌లో ఉన్న
బాలన్న

తా.క.: అక్క ఏమీ అనకపోవడం మొదటిసారి ఎప్పుడో నాకు గుర్తు లేదు. మీకు గుర్తున్నా రాయనక్కరలేదు.

---

నాగపూర్,
నవంబరు 21

బాలన్నకు గోపాల్‌రావు రాసేది.

ఈ కొలత మనిషిదే. నల్ల పిడి పిస్తోలు సరిపోయేలా ఉంది. సన్నటి పిడి, ట్రిగ్గర్ ఒక గోరు వెనక్కి జరిపితే వేలు మెత్తగా ఆనుతుంది. ఇక్కడిదాకా బాగుంది.

కానీ నీ చుక్క చూసి నాకు మతిపోయింది. కాయ మధ్యవేలు పక్కన, పై కణుపు దగ్గర పెట్టావు. బాలన్నా, ఆ పిల్ల పిస్తోలును కలంలాగా పట్టుకుంటోందా? నాకు తెలిసినంతలో అక్కడ కాయ కాసేది రాసేవాళ్లకు. నేను పద్దెనిమిదేళ్లుగా కాల్చేవాళ్ల చేతులు చూస్తున్నాను. ఈ చెయ్యి పరీక్షలు రాసింది గానీ పిస్తోలు ఎత్తలేదు.

ఇంకో మాట కూడా తెలుసుకో. పోటీ పిస్తోలు పిడికి కుడి ఎడమలు ఉంటాయి, చెప్పులకు ఉన్నట్టే. అరచెయ్యి ఆనేచోట ఉబ్బు, వేళ్ల కోసం గాడులు ఒక్కో చేతికి ఒక్కో రకంగా చెక్కుతారు. చొక్కా చెయ్యి కాదు, తిప్పి కుట్టడానికి. ఒక చేతిది ఇంకో చేతికి ఇస్తే పిల్ల అరవై గుండ్లూ గోడకు కాల్చుకుంటుంది.

బొమ్మ మీద నాకు నమ్మకం పోయింది. ప్రాణహిత ఒడ్డున మెత్తటి మట్టి తెచ్చి, ముద్ద చేసి, పిల్లను కాల్చినట్టే పట్టుకొని పిసకమను. వేళ్ల అచ్చు పడ్డ ముద్దను నీడలో ఆరబెట్టి పంపు. నువ్వు దేన్నైనా మారుస్తావు గానీ మట్టిని మార్చలేవు.

ఇట్లు,
గోపాల్‌రావు

తా.క.: ఉత్తరంలో ఏదైనా రాయడం మరిచిపోయి ఉంటే ఇప్పుడు రాయవచ్చు. మీ అక్క ఈ వాక్యం రాయమంది. ఎందుకో నన్నడగకు.

---

సిరోంచ,
డిసెంబరు 1

బావగారికి బాలన్న ఏడవడం ఒక్కటే తక్కువగా రాసేది.

మట్టి ముద్ద సంగతి చెబుతాను. మీరు కుర్చీలో కూర్చొని చదవండి.

పోయిన ఆదివారం పిల్లతో పిసికించాను. పిల్ల ముద్దను చూసింది, నన్ను చూసింది, "ఏ చేత, నాయినా?" అంది. "ఏ చేత అన్నం తింటవో గా చేత" అన్నాను. పిసికింది. మట్టి ఆరితే కుదించుకుపోతుంది కదా అని... వద్దు, ఆ సంగతి రాయను. కొంచెం ఎక్కువ మట్టి అద్దాను, అంతే.

ఆరాక అట్టపెట్టెలో పెట్టి, పగలకుండా పత్తి కూరి, పైన పెద్ద అక్షరాలతో "పిస్తోలు కొలత, జాగ్రత్త" అని రాసి నాగపూర్ వెళ్లే సర్కారు ఎస్టీ బస్సు డ్రైవరుకు ఇచ్చాను. అన్నల భయంతో ప్రతి బస్సునూ తనిఖీ చేసే మన ఇలాకాలో పెట్టె మీద ఆ మాట రాసినవాడు నా కంటే ముందు ఎవడూ లేడని నాకు అప్పుడు తెలిసింది. బస్సు చెక్‌పోస్టు దాటలేదు. నన్ను పిలిపించారు. పెట్టె విప్పితే పత్తిలో మట్టితో చేసిన పిడికిలి గుర్తు.

"ఇది ఏంటి?"

"మా బిడ్డ చెయ్యి సాహెబ్."

"బిడ్డ ఎక్కడ?"

"అహేరిల ఉన్నది."

"చెయ్యి ఇక్కడెందుకు ఉంది?"

పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం దాకా బెంచీ మీదే ఉన్నాను. వాళ్లు మర్యాదగానే చూశారు. మధ్యాహ్నం టీ కూడా ఇచ్చారు. ఒక జవాను నా దగ్గర యూనిఫారం ప్యాంటు వదులు చేయించుకోవడానికి కొలత కూడా ఇచ్చాడు. చివరికి సుశీలాబాయి ఫోనులో మాట్లాడితే వదిలారు. ముద్ద మాత్రం అందరి చేతుల్లోకీ వెళ్లి వచ్చింది. అంటే అది ఇప్పుడు ఎవరి అచ్చో నేను చెప్పలేను. అయినా మర్నాటి బస్సులో పంపించాను.

ఇరవై రోజులు ఉన్నాయి. నాకు ఆకలి పోయింది. నిన్న ఒక పెళ్లికొడుకు ప్యాంటుకు మూడు కాళ్లు కోశాను.

ఇట్లు,
ఏ వేషమూ మిగలని
బాలన్న

తా.క.: మూడో కాలు పెళ్లికూతురు తమ్ముడికి నిక్కరుగా సరిపోయింది. దేవుడు ఒక్కోసారి పక్కకు చూస్తాడు.

---

నాగపూర్,
డిసెంబరు 6

బాలన్నకు.

నీ పార్శిలు అందింది. విప్పితే పొడి. మధ్యలో ఒక్క బొటనవేలు మాత్రం నిలిచి ఉంది. అది నన్ను వెక్కిరిస్తున్నట్టు పైకి లేచి ఉంది.

ఇక కొలతలు పంపకు. నీ దగ్గర నుంచి నాకు అందాల్సింది ఒక్క మాటే. అదేమిటో నేను అడగను. అడిగి రాయించుకుంటే అది నీది కాదు, నాది అవుతుంది.

ఇట్లు,
గోపాల్‌రావు

తా.క.: ఈ ఉత్తరంలో నవ్వు లేదు. వెతక్కు.

---

సిరోంచ,
డిసెంబరు 19

బావగారికీ అక్క సత్తవ్వకూ బాలన్న రాసేది.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. మధులత సంచిలో పెట్టాను, కవరు అంటించాను. రేపు సుశీలాబాయితో కలిసి నాగపూర్ బయలుదేరుతుంది. నేను రావడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

మూడు రోజుల కింద జంగు వచ్చాడు. పాతగూడెం వైపు గూడెం అతనిది. గొడ్డళ్లకు, పారలకు కామలు, అంటే కట్టె పిడులు వేస్తాడు. అతని కామ పట్టుకున్నవాడు మళ్లీ వేరే కామ పట్టడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చి, గోడకు వేలాడుతున్న చెయ్యి బొమ్మలను చూశాడు. పెద్దది, చిన్నది, చుక్క పెట్టింది. సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నేను చెయ్యి కొలువ దర్జీ" అన్నాడు. "కట్టె ముంగట పెట్టి కొట్టుమంట. ఎట్ల కొడతడో చూస్త. నీ బిడ్డ ఏ చేత కాలుస్తది?"

నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. సూదిలో దారం లేదని రెండు గజాల గుడ్డ పోయాక చూసుకున్నాను.

బావా, పిల్ల ఎడమ చేత్తో కాలుస్తుంది. నేను పంపినవన్నీ కుడి చెయ్యి.

ముందు నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. దర్జీ చొక్కాకు ఒక్క చెయ్యే కొలుస్తాడు, రెండోది అంతే ఉంటుంది. ముప్పై ఏళ్లలో రెండు చేతులు కొలిచింది లేదు. మీరు చెప్పుల మాట రాశాక ఆ కారణం చచ్చిపోయింది. అప్పుడు ఇంకో కారణం చెప్పుకున్నాను. పెద్దవాళ్లకు ఎడమ చేత్తో తమలపాకు కూడా ఇవ్వము. అలాంటిది ఎడమ చెయ్యిని కాగితం మీద పెట్టి బావ ఇంటికి ఎలా పంపుతాం? అది కూడా అబద్ధమే. అసలు కారణం అక్కకు తెలుసు. ఆ బొమ్మ చూస్తే అక్కకు ఆ దినం గుర్తొస్తుందని భయపడ్డాను.

మధులతకు అప్పుడు అయిదేళ్లు. అన్నం ఎడమ చేత్తో తినేది, పలక మీద ఎడమ చేత్తో రాసేది. మానిపించమని అందరూ అనేవాళ్లు. కొట్టడం నాకు రాదు, నవ్వులాట ఒక్కటే వచ్చు. మా ఇంట్లో విందు రోజు ఆమెకు పొడుగు చేతుల కొత్త గౌను తొడిగి, ఎడమ చేతి మూతి కుట్టేశాను. చెయ్యి లోపలే ఉంది. విస్తరి ముందు కూర్చోబెట్టాను. పిల్ల ఆ చెయ్యి ఎత్తితే ఖాళీ సంచిలాగా ఊగింది. పంక్తి అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. అందరూ నవ్వుతున్నారని పిల్ల కూడా నవ్వింది.

అక్క లేచి వచ్చి పళ్లతో ఆ కుట్లు తెంపింది. నన్నేమీ అనలేదు. అదే మొదటిసారి. నాకు గుర్తు లేదని రాసింది అబద్ధం.

ఆ తర్వాత పిల్ల అన్నం కుడి చేతికి మారింది. రాత మారింది. మధ్యవేలి పక్కన కాయ ఆ రాతదే. నేను కుట్టింది నిలిచింది బావా, నా కుట్టు ఎప్పుడూ గట్టిదే. పిస్తోలు ఒక్కటే మారలేదు, ఎందుకంటే దాన్ని నేను నేర్పలేదు.

నిన్న సంచి సర్దుతుంటే, "నేను గూడ వస్త బిడ్డా" అన్నాను. తల ఎత్తకుండానే, "వద్దు నాయినా" అంది. "నువ్వు ఎనుక నిలవడితె నా కుడి చెయ్యి దానంతటదే లేస్తది."

మీ దగ్గర నల్ల పిడి కుడి చేతికి సిద్ధంగా ఉండి ఉంటుంది. రేపు ఒక్క రోజు మిగిలింది. ఏమీ చేయలేరని తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఆ మాట నా చేత్తో రాయాలన్నారు. రాశాను.

ఇట్లు,
బాలన్న

తా.క.: ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. పిల్ల ఎడమ చెయ్యి. పన్నెండేళ్లలో ఆ చేతిని నేను పట్టుకొని చూడడం ఇదే. కాయ బొటనవేలి కింద ఉంది, రూపాయి బిళ్ళంత. గుడ్డ వదల్లేదు.

---

నాగపూర్,
డిసెంబరు 21, సాయంత్రం

చిరంజీవి బాలన్నకు మీ బావ గోపాల్‌రావు ఆశీర్వదించి రాసేది. అక్టోబరు నుంచి నిలిపి ఉంచిన ఆశీర్వాదాలన్నీ దీంతో కలిపి పంపుతున్నాను.

పిల్ల నీకు ఫోను చేసి చెప్పే ఉంటుంది. ఆరు వందలకు అయిదు వందల యాభై ఆరు. ఏడో స్థానం. ఎనిమిది మందిని తీసుకున్నారు. ఫోనులో ఆమె చెప్పనివి నేను రాస్తున్నాను.

నీ మొదటి బొమ్మ రాగానే మీ అక్క పట్టుకుంది. చెయ్యి బోర్లా పెట్టి గీస్తే బొటనవేలు ఎటువైపు ఉండాలో నాకన్నా ఆమెకే ముందు తట్టింది. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిందని రాశాను గానీ, రాత్రికి వచ్చి, "గిది కుడి చెయ్యి. మా మధు చెయ్యి గాదు" అంది. నేను వెంటనే నీకు రాయబోతే కాగితం లాక్కుంది. "వాడు రాయాలె. వాడే రాయాలె. అప్పటిదాంక కొలిపియ్యి" అంది. కాయ, చెప్పుల మాట అన్నీ మీ అక్క చెప్పినవే. నేను రాసేవాణ్ని మాత్రమే. మట్టి ముద్ద మాత్రం నా సొంతం. ఎద్దు కోసం.

నవంబరు 12న సుశీలాబాయి మీటింగుకు నాగపూర్ వచ్చింది. స్టోరులో పాత ఎడమ చేతి పిడి ఒక్కటి పడి ఉంది. పిల్ల చెయ్యిని ఆమె ఎప్పుడో కొలిచి పెట్టుకుంది. నల్ల పిస్తోలుకు దాన్ని బిగించి, ట్రిగ్గర్ గోరంత జరిపి, అదే రోజు అహేరికి పంపాను. నలభై రోజులుగా మధులత దాంతోనే కాలుస్తోంది. ప్రతి ఆదివారం నీ ముందు నేల చూసింది నవ్వు ఆపుకోలేక. నీ కూతురు కదా.

ఇవాళ గీత దగ్గర నిలబడింది. ఎడమ చెయ్యి ఎత్తింది. కదలకుండా ఉండాలని రెండో చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుంటారు, అది పద్ధతి. ఆ ప్యాంటు నువ్వు కుట్టింది కాబట్టి నేను ముందే తనిఖీ చేశాను. జేబు మూతి తెరిచే ఉంది. కుడి చెయ్యి అందులోకి పోయింది, అరవై గుండ్లు అయ్యేదాకా బయటికి రాలేదు.

నీ ఉత్తరం పోటీకి ముందే ఇచ్చింది. నేను వరండాలో చదువుకున్నాను. లోపలికి వెళ్లి, "మీ నాయిన రాసిండు" అన్నాను. "ఏ చేత?" అని అడిగింది. కుడి చేతే అన్నాను. "అయినా రాసిండు గద మామా" అని అద్దాలు పెట్టుకుంది.

ఇట్లు,
మీ బావ
గోపాల్‌రావు

తా.క.: నీ నంబరు బ్లాకు తీసేశాను. నీకు నా ఫోను ఒక్కటే కాదు, చాలా వస్తాయి. ఇవాళ్టి సంతలో ఒక పోస్టరు అంటింది: "ఎడమచేతి వాటం పిల్లలకు దర్జీ బాలన్న ఒక చొక్కా ఉచితంగా కుట్టి ఇచ్చును." నంబరు నీదే. రాసింది నేను, మధులత బయలుదేరే ముందు ఇచ్చివస్తే అంటించింది జంగు. ఫోను మోగితే ఎడమ చేత్తో ఎత్తు.

ఇంకో తా.క., మీ అక్క రాత: తమ్మీ, పిస్తోలు పంపినప్పుడు మధు గౌనుల చుట్టి పంపిన. గా గౌనే. పన్నెండేండ్ల సంది నా పెట్టెల ఉన్నది. పిల్ల రేపు తెస్తది. ఎడమ చెయ్యి మూతికి సూది తొర్రలు ఇంక కనవడ్తయి. చూస్కో. దాచుకో. మళ్ల కుట్టకు.